డిస్క్ పెట్టిన చెయ్యి

బాబాయ్‌ని సర్వర్ గదిలోంచి పంపించేసిన తొమ్మిదో రోజున సర్వర్ మళ్ళీ పడిపోయింది. ఈసారి బ్యాకప్ డిస్క్ పెట్టిన చెయ్యి ఆమెదే.

సరిగ్గా పదకొండు గంటలకు డిస్క్ దూర్చింది. పచ్చదీపం వెలిగింది. కాపీ మొదలై పాతిక శాతం దాటింది. అంతలో తెర మొత్తం నీలంగా మారిపోయింది. నాలుగు వరుసల తెల్ల అక్షరాలు కనిపించి, ఆమె చదివేలోపే మాయమయ్యాయి. యంత్రం తనంతట తానే మళ్ళీ మొదలయింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి ఇంకా డిస్క్ మీదే ఉంది.

"ఛీ!" అంది పైకే. ఆ ఛీ యంత్రానికి కాదు.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. పదకొండేళ్ళ క్రితం ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు, అతుక్కుపోయింది. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ ఆ ఒక్క సర్వర్ మీదే నడుస్తాయి. అది పడిందంటే పూర్తిగా లేచేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో తీసిన రక్తానికి పేరు చీటీ రాదు. చీటీ లేని రక్తం ఎవరిదో తెలియదు కాబట్టి పారబోయాలి. పారబోశాక మనిషిని మళ్ళీ పొడవాలి.

ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. ఎత్తకుండానే విషయం తెలుసు. కిందికి పరుగెత్తింది.

ల్యాబ్ కిటికీ దగ్గర ఒక తల్లి, ఆమె ఒళ్ళో ఏడాది నిండని పాప. పాప రెండు చేతులకూ దూది అంటించి ఉంది; చీటీ రాలేదని రెండుసార్లు తీసిన రక్తమూ పారబోశారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇప్పుడు నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. తండ్రి కౌంటర్ బల్ల మీద అరచేత్తో కొడుతున్నాడు.

"మూడోసారా? మూడోసారా మీరు పొడిచేది? దానికి ఒంట్లో రక్తం లేదనే కదా తీసుకొచ్చాం! ఉన్నది కూడా పారబోస్తారా?"

ల్యాబ్ అమ్మాయి సర్వరమ్మ వైపు చూసింది. తండ్రి కూడా అటే తిరిగాడు.

"మీరేనా ఆ కంప్యూటర్లు చూసేది? మీ పిల్లకైతే ఇలాగే పొడిపిస్తారా?"

"తప్పు మాదేనండి" అంది. ఆ మాటతో అతని కోపం తగ్గలేదు. తగ్గాలని ఆమె కూడా అనుకోలేదు. సర్వర్ లేచాక పాప పాదంలో సూది గుచ్చుతుంటే అక్కడే నిలబడి చూసింది. చూడాల్సిన అవసరం లేదు, అయినా చూసింది.

బాబాయ్ ఆమెకు చుట్టం కాడు. ఎవరికీ చుట్టం కాడు, అందరికీ బాబాయే. ఇరవై రెండేళ్ళ క్రితం కరెంటు పనికి చేరాడు. సర్వర్ గది కట్టినప్పుడు వైర్లన్నీ తనే లాగాడు, ఆ తర్వాత ఆ గది తనదే అన్నట్టు చూసుకున్నాడు. రోజూ పదకొండింటికి ఆ రోజు డిస్క్ పెట్టడం, నిన్నటి డిస్క్ తీసి ఇనప బీరువాలో దాచడం అతని పని. ఒక్కరోజు మానలేదు. కూతురి పెళ్ళి రోజున కూడా కొత్త బట్టల్లో వచ్చి, డిస్క్ మార్చి, మళ్ళీ పందిట్లోకి వెళ్ళాడని చెప్పుకుంటారు.

ఏడు వారాల క్రితం సర్వర్ మొదటిసారి పడింది. తర్వాత వారంలో ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి పరీక్షించింది, కొత్తవి వేసింది. కరెంటు ఇచ్చే డబ్బా మార్చింది. లోపలి డిస్కులన్నీ రెండు రోజులు పరీక్షలో ఉంచింది. వేడి ఎక్కుతుందేమోనని ఏసీ పెంచి, స్వెటర్ వేసుకుని కూర్చుంది. ఎక్కడా తప్పు లేదు. దొరికింది ఒక్కటే: ఎనిమిదిసార్లు పడితే, ఎనిమిదిసార్లూ బాబాయ్ ఆ గదిలోనే ఉన్నాడు.

ఎనిమిదోసారి పడిన రోజు ఆసుపత్రి మేనేజరు సాయంత్రంలోగా కారణం రాసివ్వమన్నాడు. ఆమె రాయడానికి కూర్చుంది. 'కారణం ఇంకా నిర్ధారణ కాలేదు' అని కొట్టింది. నిమిషం తిరక్కుండానే మేనేజరు ఫోన్.

"అమ్మా, 'ఇంకా నిర్ధారణ కాలేదు' లాంటి మాటలు నాకొద్దు. ఎనిమిదిసార్లూ ఎవరున్నారు ఆ గదిలో? ఆ పేరు రాయండి. లేకపోతే మీ పేరు రాసుకోండి."

తన నోట్లో మాట అతని నోట్లోంచి వచ్చినట్టు అనిపించింది. కానీ ఆ కంగారులో దాని గురించి ఆలోచించలేదు. ఆ వాక్యం చెరిపేసి, బాబాయ్ అసలు పేరు పక్కన 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసి, సంతకం పెట్టింది. మర్నాడు ఆ రెండు మాటలూ బాబాయ్ అసలు పేరుతో సహా నోటీసు బోర్డు ఎక్కాయి. చాలామందికి అతని అసలు పేరు తెలిసింది ఆ రోజే. బాబాయ్ తాళాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అతన్ని నేలమాళిగలో దుప్పట్ల స్టోరుకు మార్చారు.

ఇప్పుడు బాబాయ్ లేడు, సర్వర్ మాత్రం పడింది.

ల్యాబ్ నుంచి పైకి వస్తూనే మేనేజరుకు ఫోన్ చేసింది. "సార్, మళ్ళీ పడింది. ఈసారి గదిలో ఉన్నది నేను."

"అయితే ఆయన వెళ్ళేముందు ఏదో చెడగొట్టి వెళ్ళుంటాడు. వయసైపోయినవాళ్ళకి పంతాలెక్కువ" అన్నాడు మేనేజరు, తాపీగా.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఫోన్ పెట్టేసి, గది తలుపు వేసి, బోర్డు మీద రాసుకున్న పాత అనుమానాల జాబితాను గుడ్డతో మొత్తం తుడిచేసింది. 'ఎవరున్నారు' అన్న ప్రశ్న కట్టిపెట్టి, 'ఏం జరిగింది' అన్న ప్రశ్న దగ్గరికి మొదటినుంచీ వెళ్ళాలి.

పడిపోయే ముందు యంత్రం తన బుర్రలో ఆ క్షణాన ఉన్నదంతా ఒక ఫైలుగా రాసిపెడుతుంది. ఒకరకంగా మరణవాంగ్మూలం. ఈ తొమ్మిదిసార్లూ ఆ ఫైలు ఖాళీగానే వచ్చింది. రాసుకోవడానికి మొదటి డిస్కులో చోటు లేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. రెండుసార్లు చోటు చేసింది, రెండుసార్లూ నాలుగు రోజుల్లో నిండిపోయింది. ల్యాబ్ రిపోర్టులు పెరుగుతున్నాయేమోలే అనుకుని వదిలేసింది. 'ఏమోలే' అనుకున్న తనను తానే పళ్ళు నూరుకుంటూ తిట్టుకుంది. ఈసారి చోటు చెయ్యలేదు. వాంగ్మూలం వేరే డిస్కులో రాయమని యంత్రానికి చెప్పింది.

తర్వాత సర్వర్ పడేదాకా ఎదురుచూడలేదు. మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉండే వేళ చూసి, "ముప్పావుగంట ఎవరికీ సూది గుచ్చకండి" అని చెప్పి వచ్చి, తనే పడగొట్టడానికి కూర్చుంది. డిస్క్ పెట్టింది, కాపీ నడిచింది, ఏమీ కాలేదు. తీసి మళ్ళీ పెట్టింది, ఏమీ కాలేదు. "పడవే! జనం ఉన్నప్పుడు పడ్డావు కదా, ఇప్పుడు పడు!" అని గదమాయించింది. మూడోసారి పడింది.

ఈసారి వాంగ్మూలం దొరికింది.

పావుగంటసేపు చదివింది. అందులో రెండు పేర్లు. ఒకటి వైరస్‌లను పట్టే ప్రోగ్రాం, దాన్ని తనే పెట్టింది. రెండోదాని పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. బ్యాకప్ డిస్కులోకి ఒక్కో ఫైలు వెళ్తుంటే ఈ రెండూ తనిఖీ చెయ్యడానికి పట్టుకుంటున్నాయి. ఒకే ఫైలును రెండూ ఒకే క్షణాన పట్టుకుంటే, ఒకే గుమ్మంలో ఇద్దరు ఇరుక్కున్నట్టు, ముందుకీ లేదు వెనక్కీ లేదు. యంత్రం నీలంగా మారి చచ్చిపోతోంది. ఎప్పుడో ఒకసారే అలా జరుగుతుంది. జరిగితే మాత్రం డిస్క్ పెట్టిన తర్వాతే. డిస్క్ పెట్టేది బాబాయ్.

ఆ రెండో ప్రోగ్రాం ఎక్కడుందో వెతికింది. మామూలుగా చూస్తే కనపడని ఫోల్డరులో దొరికింది. సర్వర్ మొదటిసారి పడడానికి ముందురోజు, ఆదివారం, మేనేజరు పాస్‌వర్డుతో ఎవరో ఎక్కించారు. ఆ ఫోల్డరు తెరిచేసరికి డిస్క్ ఎందుకు నిండిపోతోందో తెలిసింది. లోపల లక్షల కొద్దీ బొమ్మలు. ఆసుపత్రిలో ప్రతి కంప్యూటర్ తెరనూ అర నిమిషానికోసారి తీసిన ఫోటోలు.

తేదీ వారీగా ఉన్నాయి. ఆమె తన పేరు మీది ఫోల్డరు తెరిచి, తను కారణం రాసిన రోజు సాయంత్రానికి వెళ్ళింది. ఒక బొమ్మలో 'కారణం ఇంకా నిర్ధారణ కాలేదు' అన్న వాక్యం ఉంది. తర్వాతి బొమ్మలోనూ ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ. నాలుగో బొమ్మలో వాక్యం లేదు. దాని చోట బాబాయ్ పేరుంది.

చూస్తున్నాడు. తను రాస్తుంటే మేనేజరు అతని గదిలో కూర్చుని అక్షరం అక్షరం చూస్తున్నాడు. చూసే ఫోన్ చేశాడు. ఎదురుగా మనిషి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

మేనేజరు గది తలుపు తట్టలేదు, తోసుకునే వెళ్ళింది. వాంగ్మూలం కాగితం బల్ల మీద పడేసి, రెండో పేరు మీద వేలు పెట్టింది.

"ఇదేంటి సార్?"

మేనేజరు కాగితం చూశాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. "కూర్చోండమ్మా. భద్రత కోసం పెట్టించాం. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు ఊసులాడుకుంటున్నారో తెలియాలి కదా. ఆసుపత్రి ట్రస్టు వాళ్ళకి తెలుసు."

"నాకెందుకు తెలీదు? సర్వర్ చూసేది నేను కదా."

"మీకు చెబితే అందరికీ చెప్పినట్టే కదమ్మా" అని నవ్వాడు. "సరే, దీనివల్లే పడుతోందంటున్నారు. తీసేయండి, పీడా పోతుంది. ఏదో పాత ప్రోగ్రాం అడ్డం పడింది, సరిచేశాం అని రాసెయ్యండి."

"బాబాయ్ సంగతి?"

"ఉద్యోగంలోంచి తీసెయ్యలేదుగా. ఈ వయసులో దుప్పట్లు లెక్కపెట్టుకుంటే ఆయనకీ హాయి."

"హాయా? మొత్తం ఆసుపత్రి ముందు నిర్లక్ష్యం అని బోర్డు మీద కట్టి, హాయంటారా?"

"ఆ మాట నేను రాయలేదమ్మా" అన్నాడు మేనేజరు. "సంతకం మీది."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. కాగితం తీసుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి విసురుగా పడుతుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చింది. ఆవిడ ముప్పైరెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పని చేసిన మనిషి. బస్సు నడిపే భర్త కూడా అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది? గిన్నెల మీద ఎవరి పేరు రాసుంది?" అంది అత్తగారు.

"సర్వర్ ఎందుకు పడుతోందో దొరికింది అత్తయ్యా. దొంగచాటుగా పెట్టిన ఒక డ్రైవర్ వల్ల."

"అదిగో! లోకంలో ఏది పడిపోయినా డ్రైవర్‌దే తప్పు" అన్నాడు భర్త.

ఇంకో రోజైతే నవ్వేది. డ్రైవర్ అంటే కంప్యూటర్ లోపల ఉండే చిన్న ప్రోగ్రాం అని విసుగ్గా చెప్పి, జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే భర్త మొహంలో నవ్వు పోయింది. అత్తగారు మాత్రం మొత్తం విని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"మా రోజుల్లో లైను మధ్యలో ఎవడైనా దూరి వింటుంటే చిన్నగా 'టక్'మనేది. ఆ చప్పుడు వినగానే మేం మాట్లాడుకునేవాళ్ళకి చెప్పేసేవాళ్ళం, జాగ్రత్తండీ అని. మాకు చెప్పకూడదని రూలు. అయినా చెప్పేవాళ్ళం" అంది. కాస్త ఆగి అడిగింది: "ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నీకు తెలుసా, అది అబద్ధమని?"

"అబద్ధమని తెలీదు. నిజమనీ తెలీదు."

"మరెందుకు పెట్టావు?"

"నా పేరు రాస్తానన్నాడు."

అత్తగారు ఓదార్చలేదు. "అయితే నీ కోపంలో సగం ఆయన మీద, సగం నీ మీద. నీ సగం ఆయన నెత్తిన రుద్దకు. ఆయన సగం నువ్వు మొయ్యకు" అని లేచి, చేతిలో గిన్నె లాక్కుని తనే కడిగింది.

మర్నాడు ఉదయం పెద్ద డాక్టరమ్మ గదిలో రోజువారీ సమావేశం. డాక్టర్లు, హెడ్ నర్సు, ల్యాబ్ ఇంచార్జి, మేనేజరు. సర్వరమ్మకు అందులో కుర్చీ లేదు. గోడ పక్కన నిలబడి, "నేనొకటి చదవాలండీ" అంది.

"తర్వాత చూద్దాం లేండి" అన్నాడు మేనేజరు.

"ఆ 'తర్వాతే', సార్, ల్యాబ్‌లో పాపని మూడుసార్లు పొడిచింది" అంది ఆమె. చదవడం మొదలుపెట్టింది.

రెండు పేజీలు. సర్వర్ ఎన్నిసార్లు, ఎప్పుడు పడింది, ఏ రెండు ప్రోగ్రాములు ఎలా గుద్దుకున్నాయి, రెండోది ఎవరి పాస్‌వర్డుతో ఎప్పుడు వచ్చింది, ఆసుపత్రిలో తెరలన్నిటినీ ఎలా ఫోటోలు తీస్తోంది. చివరి పేరా ఇంకా గట్టిగా చదివింది: "ఆపరేటర్ నిర్లక్ష్యం అని నేను రాసింది తప్పు. రుజువు లేకుండా రాశాను. ఒత్తిడికి లొంగి రాశాను. ఆయన తప్పేమీ లేదు."

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"ఆ ఫోటోల్లో నా తెర కూడా ఉందా?"

"ఉందండి. డాక్టర్లందరివీ ఉన్నాయి."

"అంటే నా పేషెంట్ల రిపోర్టులు? ఏ జబ్బో, ఎవరికో, పేర్లతో సహా?"

"అన్నీ ఉన్నాయండి."

డాక్టరమ్మ మేనేజరు వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు అతను. "భార్యకి కూడా చెప్పుకోలేని జబ్బులు నా ముందు చెప్పుకుంటారయ్యా జనం! అవి మీరు కూర్చుని చూస్తున్నారా? కంచే చేను మేస్తే ఇంక దిక్కెవరు? ట్రస్టుకి తెలుసా ఇది?"

"తెలియజేద్దామనే అనుకుంటున్నానండి..." అని నసిగాడు మేనేజరు.

ఆ మధ్యాహ్నమే ఆ ప్రోగ్రాం తీసేశారు. బొమ్మలు మాత్రం సర్వరమ్మ చెరిపెయ్యనివ్వలేదు. ట్రస్టు వాళ్ళు చూసేదాకా ఒక డిస్కులో పెట్టి డాక్టరమ్మ బీరువాలో తాళం వేయించింది. ముప్పై నలుగురు ఉద్యోగుల సంతకాలతో ట్రస్టుకు ఫిర్యాదు వెళ్ళింది. మేనేజరును సెలవు మీద పంపారు. తిరిగి వస్తాడో రాడో ఎవరికీ తెలియదు; వస్తాడనే అందరూ అనుకుంటున్నారు. అతను పెట్టించిన నోటీసు చింపి, ఆ బోర్డు మీదే ఆమె రెండు పేజీలూ అంటించారు.

తాళాలు పట్టుకుని ఆమె నేలమాళిగకు వెళ్ళింది. బాబాయ్ దుప్పట్లు మడతపెడుతున్నాడు. తలెత్తలేదు.

"బాబాయ్, బోర్డు చూశారా?"

"చూశా."

"రేపటినుంచి పైకి రండి."

"వస్తా. నా పని కాబట్టి వస్తా" అన్నాడు. తాళాలు తీసుకున్నాడు. అంతే.

మర్నాటినుంచి వచ్చాడు. పదకొండింటికి డిస్క్ పెట్టేవాడు, పుస్తకంలో రాసేవాడు, వెళ్ళిపోయేవాడు. మూడు వారాలు గడిచాయి, సర్వర్ ఒక్కసారీ పడలేదు. బాబాయ్ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగో వారంలో వైర్లు సర్దే పని పడింది. ఇద్దరూ ఉండక తప్పలేదు. యంత్రం వెనక మోకాళ్ళ మీద కూర్చున్న బాబాయ్‌తో ఆమె అంది, "తప్పు చేశాను బాబాయ్. క్షమించండి."

బాబాయ్ చేతిలోని కటింగ్ ప్లేయరును నేలకేసి కొట్టాడు.

"ఏం క్షమించాలి? ఇరవై రెండేళ్ళు! నా మనవడు అడిగాడు, నిర్లక్ష్యం అంటే ఏంటి తాతయ్యా అని. ఏం చెప్పమంటావు వాడికి? పక్క గదిలోనే ఉన్నానే నేను! ఒక్కసారి పిలిచి, బాబాయ్, ఎలా పెడుతున్నావు డిస్క్, చూపించు అని అడిగావా? ఆ మేనేజరు పరాయివాడు, వాడి మీద నాకు కోపం లేదు. నువ్వు రాశావు! నీకు వైరు పట్టుకోవడం నేర్పించింది నేను. నువ్వు రాశావు!"

అతని గొంతు కారిడార్ దాకా వినిపించింది. ఎవరో తలుపు దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళిపోయారు. ఆమె అడ్డుపడలేదు. సంజాయిషీ చెప్పలేదు. మేనేజరు పేరు ఎత్తలేదు. అతను దాచుకున్నదంతా, పాత సంగతులతో సహా, ఒక్కొక్కటే బయటికి వస్తుంటే నిలబడి విన్నది. కళ్ళు మండాయి, తుడుచుకోలేదు. మాటలు అయిపోయాక బాబాయ్ కాసేపు గట్టిగా ఊపిరి పీల్చాడు. చొక్కా చేతితో మొహం ఒత్తుకున్నాడు. మళ్ళీ వంగి యంత్రం వెనక్కి దూరాడు.

"నిలబడి చూస్తావేం?" అన్నాడు లోపలినుంచి. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది. "ఆ పొడుగు వైరు ఇటివ్వు."

ఆమె ఇచ్చింది.